పిడి ఉంది, పని తెలియదు

'నాకు తెలియదు' అని ఒప్పుకునేవాళ్ల వల్ల లోకానికి నయాపైసా ఉపయోగం లేదు. ఏమీ తెలియకపోయినా ఢంకా బజాయించి చెప్పేవాళ్లే మనల్ని కాపాడుతున్నారు. నవ్వకండి, నా దగ్గర సాక్ష్యం ఉంది.

మొన్న వంటింటి కిటికీ తుడుస్తుంటే చేతికి ఒక పనిముట్టు తగిలింది. అరిగి నున్నబడిన చెక్క పిడి, దానికి జానెడు ఇనుప పట్టీ, కొన దగ్గర వంపు, ఆ వంపులో చిన్న నొక్కు. నా భార్యదే అయివుండాలి. దేనికని అడుగుదామంటే ఆమె లేదు, నిరుడే పోయింది.

ఫోటో చూసి మా అమ్మాయి, "ఏంటో తెలీని ఇనుము ఇంట్లో ఎందుకు నాన్నా? ఆదివారం వచ్చి పాత సామానుతో పాటు పట్టుకెళ్లిపోతా" అంది. అంటే ఆదివారంలోగా దాని ఉద్యోగం ఏమిటో నేను రుజువు చెయ్యాలి. లేకపోతే నా భార్య వస్తువు తూకానికి పోతుంది.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫోటో పెట్టాను. శుభోదయాలు తప్ప మరొకటి రాని ఆ గ్రూపులో ఇంత విజ్ఞానం మూలుగుతోందని ఎవరనుకున్నారు! పళ్ల డాక్టరుగారు అది పూర్వం దవడపన్ను పీకేదన్నారు. రిటైరైన ఇన్‌స్పెక్టరుగారు దొంగలు తాళాలు తీసేదన్నారు. అంతటితో ఆగక, మీ ఆవిడగారి తరఫువాళ్లు ఏం చేసేవారని నాకు విడిగా మెసేజ్ పెట్టారు. యోగా టీచరమ్మ వీపు గోక్కునేదని తేల్చారు. ప్రయోగం చేశాను. మూడు గీతలు పడ్డాయి.

వస్తువులను గుర్తుపట్టే యాప్‌నీ వదల్లేదు. నిలువుగా చూపిస్తే గరిట అంది. అడ్డంగా చూపిస్తే సంగీత వాయిద్యం అంది. చేత్తో పట్టుకుని చూపిస్తే, "చాలా పాతది, అక్కడక్కడా పాడైంది" అంది. పనిముట్టు గురించా, చేతి గురించా అని నేను రెట్టించలేదు.

లాభాలు చూడండి. ఎన్నడూ నా గడప తొక్కనివాళ్లు దాన్ని పట్టుకుని చూడ్డానికి వచ్చారు. ఊరందరికీ చక్కెర మానమని చెప్పే డాక్టరుగారు మా ఇంట్లో రెండు చెంచాలు వేయించుకుని టీ తాగారు. 'తెలియదు' అని ఊరుకునివుంటే వచ్చేవారా?

ఆ ఊపులో, ఈమధ్య వంటింటి కిటికీ గాలికి టపటపా కొట్టుకుంటోందని కూడా రాశాను. క్షణాల్లో జవాబులు! కిటికీ మార్చాలి. గోడ కదిలింది. పునాది చూపించండి. సెక్రటరీగారైతే ఇంజనీరు నంబరే పంపారు.

శనివారం మా మరదలు ఫోన్ చేసింది. ఫోటో చూసి కూడా ఏ జవాబూ చెప్పని మనిషి ఆమె ఒక్కతే.

"ఇది ఎక్కడుండేది బావగారూ?"

"వంటింటి కిటికీ దగ్గర."

"దగ్గరంటే?"

"రెక్కకీ చట్రానికీ మధ్య సందులో. బిగిసిపోయి ఉంటే నేనే బలంగా లాగాను."



"మరి ఆ కిటికీ ఎప్పట్నించి కొట్టుకుంటోంది?"

చేతిలో ఉన్న పనిముట్టునీ, కిటికీనీ మార్చి మార్చి చూశాను.

"ఎమ్మే చదివిన మొగుడు కావాలని ఏరికోరి చేసుకుంది మా అక్క" అంది. "వెళ్లి దోపండి."

వెళ్లి దోపాను. నొక్కు చట్రం అంచుకి అతికినట్టు కూర్చుంది. కిటికీ నోరు మూసుకుంది.

అది పీకేదా, గోకేదా అన్నది గ్రూపులో ఇంకా తేలలేదు. ముందువైపు, వెనకవైపు, ఇంకా దగ్గర్నుంచి అంటూ ఫోటోలు అడుగుతూనే ఉన్నారు. ఎక్కడుండేదని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు మాత్రం ఆ ప్రశ్న తట్టిందా? అందుకని వాళ్లను తప్పుపట్టను. పైగా టీకి వస్తున్నారు.

ఆదివారం అమ్మాయి పెద్ద సంచితో దిగింది. కిటికీని చూపించాను. సరేనని, బీరువా కాలి కింద ఉన్న చెక్కముక్క మీదికి వంగింది.

"ఏదీ లాగకమ్మా," అన్నాను. "ఈ ఇల్లు దేని మీద ఆగివుందో నాకు తెలీదు."