మామగారికి పరీక్ష పెట్టిన డిస్కు

ఆ ఆదివారం ఉదయం అల్లుడిగారి పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా కంప్యూటర్లోని ముప్పై ఆరు ఫోటోల స్లైడులను డిస్కులోకి ఎక్కించాలి. పదకొండింటికి, అత్తమామల నలభయ్యో పెళ్ళిరోజుకు వచ్చే చుట్టాల ముందు, ఆ డిస్కును టీవీలో తిప్పాలి. పన్నెండింటికల్లా వీధివైపు గది తాళంచెవి జేబులో వేసుకోవాలి. పాత ఫోటోలకు డిస్కులు చేసిపెట్టే దుకాణం కోసం ఆయన ఏడాదిగా ఆ గది చుట్టూ తిరుగుతున్నాడు. మామగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆ గదిలో ముప్పై ఏళ్ళ జవాబు పత్రాలు దాచుకున్నారు.

"ముందు మా ఫోటోలు టీవీలో చూపించండి అల్లుడుగారూ. తప్పు లేకుండా ఉంటే గది మీది. తప్పుంటే సున్నా" అన్నారాయన.

డిస్కులో రిస్కేముంది అనుకున్నాడు అల్లుడు. ఉంది! టీవీ ముందు మౌస్ నొక్కే నాథుడుండడు కాబట్టి స్లైడులు వాటంతటవే మారాలి. అందుకు ఏ ఫోటో ఎంతసేపుండాలో ముందే ఒకసారి నడిపించి చూపించాలి. దానికో ఎర్ర బటన్ ఉంది. అది నొక్కి తాపీగా ఒక్కొక్కటీ జరుపుతూ వెళ్ళాడు. పక్కనే భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది. మొగుడూ పెళ్ళాలు పాత ఫోటోలు చూస్తూ నోరు మూసుకుని కూర్చోవడం ఏ ఇంట్లోనూ జరగదు. స్లైడు జారిన కొద్దీ నోరూ జారింది. మధ్యలో టీ తెచ్చిన అత్తగారు కూడా నిలబడి నాలుగు మాటలు కలిపారు.

ఆ ఎర్ర బటన్ టైముతో పాటు మాటలు కూడా పట్టేస్తుందని ఆయనకు తెలియదు. తెలిసే దారీ లేదు. కంప్యూటర్ స్పీకరు మూడు నెలలుగా మౌనవ్రతంలో ఉంది. మైకు మాత్రం చెవులు రిక్కించుకునే ఉంది. డిస్కు తయారయ్యాక తిప్పి చూస్తే బొమ్మలు భేషుగ్గా మారాయి. అల్లుడు భుజం తనే తట్టుకున్నాడు.

పదకొండింటికి హాలు నిండిపోయింది. టీవీ, డిస్కు ప్లేయరూ అద్దాల బీరువాలో ఉంటాయి. డిస్కు పెట్టగానే "పిల్లలు వేళ్ళు పెడతారు" అంటూ మామగారు అద్దానికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు. రిమోటు ఆయన తల్లి, బామ్మగారి ఒళ్ళో ఉంది. ఆవిడకు చెవుడు. అందుకని సౌండు ఎప్పుడూ ఆఖరి గీత దగ్గరే ఉంటుంది.

మొదటి స్లైడు పెళ్ళిఫోటో. అందరూ "ఆహా" అనబోయారు. ఈలోగా టీవీ అల్లుడి గొంతుతో గర్జించింది.

"మీ నాన్న పెళ్ళిపీటల మీద కూడా ఎలా చూస్తున్నాడో చూడవే! పెళ్ళి చేసుకోడానికొచ్చాడా, కాపీ కొట్టేవాళ్ళని పట్టుకోడానికొచ్చాడా?"

"ఆహా" సగంలోనే చచ్చిపోయింది. టీవీలోంచి భార్య గొంతు అందుకుంది. "ఊరుకోండి. పక్కన మా బాబాయి వేసుకున్న కోటు కూడా నాన్నదే. ఇప్పటికీ అదే తొడుక్కు తిరుగుతున్నాడు."

మూడో వరసలో బాబాయి మెల్లగా కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

అల్లుడు ఒక్క గంతులో బీరువా దగ్గరికి దూకాడు. అద్దం కదల్లేదు. ప్లగ్గు బీరువా వెనకుంది. బీరువా అంతకన్నా కదల్లేదు.

"మావయ్యగారూ, తాళంచెవి!"

"కూర్చోండి. పరీక్ష మధ్యలో లేవకూడదు" అన్నారు మామగారు. ఆయన గొంతు మంచుగడ్డలా ఉంది.

"బామ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ రిమోటివ్వండి!"

"ఉండు నాయనా! ఎన్నేళ్ళకో ఇవాళ నాకు మాటలు సరిగ్గా వినపడుతున్నాయి. విడిగా గొణుగుతావు గానీ, టీవీలో ఎంత బాగా మాట్లాడుతున్నావు!" అంటూ ఆవిడ రిమోటును కొంగులో చుట్టేసింది.

అలా పదహారు స్లైడులు గడిచాయి. పదహారు కుర్చీలు నొచ్చుకున్నాయి. పదిహేడోది మామగారు కుర్రతనంలో వెండికప్పు పట్టుకున్న ఫోటో. కాల్లో ముల్లు దిగినా ఆగకుండా పరిగెత్తి ఆ కప్పు గెలిచిన వైనం విననివాళ్ళు ఆ హాల్లో లేరు.

"ఇదిగో, ముల్లు కథ. వంద మీటర్లు పరిగెత్తడానికి మీ నాన్నకి గంటన్నర పడుతుంది" అంది టీవీలో అల్లుడి గొంతు. టీ కప్పు పెట్టిన చప్పుడైంది. వెంటనే అత్తగారి గొంతు.

"ఆ కప్పు ఆయనది కాదు బాబూ. ఫోటో స్టూడియోవాడిది. పక్కన పూలకుండీ ఉంటే అదే పట్టుకునేవారు."

అత్తగారు గుమ్మంలో రాయైపోయారు.

"నాకు తెలుసు. వాడు బస్సు కోసం కూడా ఎప్పుడూ పరిగెత్తలేదు" అంది బామ్మగారు తీరుబడిగా.

మామగారు లేచారు. జేబులోంచి తాళంచెవి తీశారు. బీరువా వైపు నడిచారు. ఆ నాలుగడుగుల్లో అల్లుడికి తన దుకాణం షట్టరు దబ్బున పడిపోతున్న శబ్దం వినిపించింది. తాళంచెవి రంధ్రంలోకి వెళ్ళింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా?" అంది టీవీలో కూతురి గొంతు.

"చెప్పడమెందుకే? ఆ పరుగు చివరికొచ్చేసరికి మీ నాన్న మొహం ఎప్పుడైనా చూశావా? నలభై ఏళ్ళుగా ప్రతిసారీ గెలుస్తూనే ఉన్నారు. అది చూద్దామనే నేను కొత్తగా విన్నట్టు వింటాను."

స్లైడు మారింది. తాళంచెవి మీద మామగారి చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆయన బామ్మగారి వైపు తిరిగి గొంతు పెంచారు.

"అమ్మా, ఒక్కసారి వెనక్కి తిప్పు."

"పూలకుండీ దగ్గర్నించా?"

"కాదు. ఆ తర్వాత్నించి."

మూడుసార్లు తిప్పించారు. మూడోసారి గుమ్మం వైపు చూస్తూ విన్నారు. అత్తగారు చటుక్కున వంటింట్లోకి తప్పుకున్నారు గానీ, అక్కడ గిన్నెలేవీ చప్పుడు చెయ్యలేదు.

చుట్టాలు వెళ్ళిపోయాక మామగారు అల్లుణ్ణి పిలిచారు. "తప్పులు లెక్కపెట్టాను అల్లుడుగారూ. ముప్పై ఒకటి. ఒక్క జవాబు మాత్రం సరిగ్గా ఉంది. పాస్ చేస్తున్నాను" అని గది తాళంచెవి చేతిలో పెట్టారు.

దుకాణం బోర్డు కూడా తనే స్వహస్తాలతో రాశారు: "ఇచ్చట డిస్కులు చేయబడును. లోపల మాట్లాడరాదు."