ఆసుపత్రికి ఆయాసం

వానలు మొదలైన వారానికి ఛాతీ ఆసుపత్రి భవనానికి ఉబ్బసం పట్టుకుంది.

అది గాలి పీల్చినప్పుడు వార్డులు వెడల్పయ్యేవి, వదిలినప్పుడు మంచాలన్నీ జరిగి ఒకదానికొకటి తగులుకునేవి. కిటికీల సందుల్లోంచి పిల్లికూతలు వినబడేవి. రోగులు చెప్పులు మంచంకోళ్లకు కట్టుకుని సర్దుకున్నారు.

సూపరింటెండెంటు చెన్నకేశవులు గారు రోడ్లు భవనాల శాఖకు రాశారు. గోడలు మావే కానీ రోగం ఆరోగ్యశాఖదని వాళ్లు జవాబిచ్చారు. రోగి ఓపీ చీటీ తీసుకోలేదు కదా అని ఆరోగ్యశాఖ అడిగింది. అడిగిందాంట్లో తప్పేమీ లేదు. చీటీ రాయించి, భవనాన్ని దాని మూడో వార్డులోనే చేర్చుకున్నారు. రోగి తరఫు మనిషి సంతకం కావలసి వస్తే ఫార్మసిస్టు ఎస్తేరురాణి ముందుకొచ్చింది. వాళ్లమ్మ అక్కడ నర్సుగా చేసింది, ఈమె పుట్టిందీ ఆ గోడల మధ్యే. అందుకని బంధుత్వం దగ్గర 'కూతురు' అని రాసింది. ఎవరూ కాదనలేదు.

భవనం నోటికి సరిపడే ఇన్‌హేలరు రాష్ట్రంలో దొరకలేదు.

"తయారుచేయించి పంపేదాకా నీలగిరి తైలం ఆవిరి పట్టిద్దాం సార్," అంది ఎస్తేరురాణి. "దాంతో జబ్బు పోదు. కఫం పలచబడి, లోపలి వాపు కాస్త తీస్తుంది. ఈలోగా ఊపిరాడాలి కదా."

"నీలగిరి చెట్టు ఏదైనా ఒకటేగా?" అన్నాడు రోడ్లు భవనాల శాఖ ఇంజనీరు.

"కాదండి. ఒక్కో రకం ఆకులో ఒక్కో నూనె. మనకు కఫం కరిగించే సినియోల్ ఎక్కువున్నది కావాలి."

ఇంజనీరు చవగ్గా దొరికిన ఆకు లారీడు తెప్పించాడు. దాని నూనె నిమ్మకాయ వాసన వేసింది. సాయంత్రానికల్లా ఆసుపత్రిలో దోమ లేకుండా పోయింది, పిల్లికూతలు మాత్రం అలాగే ఉన్నాయి. దోమలు పోయాయి కాబట్టి చికిత్స ఫలించిందని ఆయన పైకి రాసేశాడు.

ఎస్తేరురాణి ఊరి బయట తోటల్లో తిరిగి, ఆకులు నలిపి చూసి, కర్పూరంలా ముక్కు పుటాల్లోకి దూసుకుపోయే రకం ఏరి తెచ్చింది. ఆకుల్లోంచి ఆవిరి పోనిచ్చి, ఆ ఆవిరిని చల్లటి గొట్టంలో నడిపితే, దిగిన నీళ్ల మీద నూనె పలచగా తేలింది. వేడినీళ్ల గంగాళాల్లో అది చుక్కలుగా వేసి నేలమాళిగలో పెట్టించింది. రోగుల్ని, ముఖ్యంగా పిల్లల్ని, ఆవరణలోకి పంపేసింది. "చంటిపిల్లలకు ఈ ఘాటు పడదమ్మా," అని తల్లులకు నచ్చజెప్పింది.

భవనం గట్టిగా దగ్గింది. తూముల్లోంచి ఏళ్లనాటి దుమ్ము, దూది, ఎప్పటిదో మంత్రిగారి శంకుస్థాపన పూలదండ కొట్టుకొచ్చాయి. తరవాత గోడలు నెమ్మదిగా, ఒక్క తీరున కదలసాగాయి. ఎస్తేరురాణి గోడకు చెవి ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది.

ప్రభుత్వం సంతోషించింది. భవనం ప్రభుత్వ ఆస్తి కాబట్టి నెలనెలా తైలం, తయారై వచ్చాక ఇన్‌హేలరు, పరీక్షలు క్రమం తప్పకూడదని ఉత్తర్వులిచ్చింది.

మూడో వార్డులో మస్తాన్ వలీ అని ఒక ముసలాయన ఉండేవాడు. పలకల గనిలో రాతిపొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాడు. వేసవి నుంచీ ఆయన మందుకు 'స్టాకు లేదు' అనే సమాధానమే.

"అమ్మా, నన్ను కూడా గోడ కింద రాయిస్తావా?" అని అడిగాడు ఎస్తేరురాణిని.

ఆమె రిజిస్టరు తిరగేసింది. "గోడ కింద కుదరదు తాతా. గది కింద అయితే అడిగి చూస్తాను."

ఇంజనీరు టేపు తెచ్చి ఆయన్ని కొలిచాడు. మోకాళ్ల దగ్గర పగుళ్లున్నాయి కానీ పునాది గట్టిదేనన్నాడు. మస్తాన్ వలీ పడమటి గదిగా నమోదయ్యాడు. మందు ఆ వారంలోనే వచ్చింది. నెల తిరక్కుండా ఆయన ఎక్కడా ఆగకుండా గేటుదాకా నడిచి, టీ తాగి వచ్చాడు. అది చూసి ఆడవాళ్ల వార్డు మొత్తం వరండాగా రాయించుకుంది. ఇప్పుడక్కడ మందు అందనివాళ్లు లేరు.

ఏటా తనిఖీకి ముందు భవనంతోపాటు మస్తాన్ వలీకీ సున్నం వేస్తారు. చేతులెత్తమంటే ఎత్తుతాడు, కళ్లు మూసుకోమంటే మూసుకుంటాడు. భార్య ఖాజాబీ అన్నం తెచ్చి, తడి ఆరేదాకా ఆయన్ని ముట్టుకోకుండా పక్కనే కూర్చుంటుంది.