రెండు చిల్లులు, మూడు రసీదులు

ఆ ఉదయం గుమస్తా బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకు కోర్టులో పిండిమర ఆసామి దావా దాఖలు చేయడం, పదకొండుకు టీ తాగడం, పన్నెండుకు ఆఫీసు కుర్చీలో ఓ కునుకు తీయడం. నలభై ఏళ్లుగా ఇదే వరుస. ఆ కునుకు విషయంలో మాత్రం ఆయన ఏనాడూ వాయిదా అడిగి ఎరగడు.

చిక్కల్లా కొత్త పద్ధతితో వచ్చింది. కోర్టు ఫీజుకి స్టాంపులు కొని, నాలుకతో తడిపి అతికించే రోజులు పోయాయి. ఇప్పుడు ఫోన్లో డబ్బు కట్టాలి, నల్లచుక్కల గడి ఉన్న రసీదు ప్రింటు తీయాలి, ఆ గడిని కోర్టు కిటికీలోని యంత్రం చదవాలి.

"మడత పెట్టకు బాబాయ్, తడపకు," అంటూ రసీదు చేతికిచ్చింది ప్లీడరమ్మ. ఆఫీసూ బాబాయీ కలిపి ఆమెకు తండ్రి నుంచి సంక్రమించిన ఆస్తి. "గడువు ఇవాళ ఐదింటిదాకానే. ఇది కూడా తగలేశావో, రేపట్నుంచి నీ కుర్చీలో కంప్యూటరు తెలిసిన అమ్మాయిని కూర్చోబెడతా."

"నీకు పలక పట్టుకోవడం నేర్పిందే నేను. నాకా తల్లీ చెబుతున్నావ్!"

బాబాయి మడత పెట్టలేదు, తడపలేదు. అయితే, స్టాంపు మళ్లీ వాడకుండా దానికి చిల్లు పొడవడం వెనకటి ఆచారం. అప్పటి కోర్టు ఉద్యోగి బద్ధకస్తుడు కాబట్టి ఆ పనీ బాబాయే చేసేవాడు. తను రాల్చిన కాగితపు చుక్కలతో ఓ నుయ్యి పూడ్చవచ్చునని ఆయన అంచనా. కిటికీ ముందు నిలబడగానే చెయ్యి దానంతటదే జేబులోని పంచింగ్ మిషను తీసింది. గడి నడిమధ్యన టక్కున పొడిచింది. అంత తీరైన గడి మరెందుకుంటుంది?

యంత్రం కిక్కురుమనలేదు.

"చెల్లదు," అంది కిటికీలోని ఉద్యోగిని. "ఒక రసీదుకి ఒక్కటే ప్రింటు. మళ్లీ కట్టండి. దీని డబ్బు వాపసు కావాలంటే పక్క కిటికీ."

బాబాయి పక్క కిటికీకి వెళ్లాడు. ఆమె కూడా కుర్చీతో సహా అక్కడికే జరిగింది.

"చిల్లుందిగా. అంటే వాడేశారు. వాడినదానికి వాపసు లేదు."

"ఇందాక చెల్లదన్నది మీరే కదమ్మా!"

"అది ఆ కిటికీలో."

వెంట వచ్చిన పిండిమర ఆసామి తిట్టుకుంటూ తన ఫోన్లోంచి రెండోసారి కట్టాడు. ఆయన దావా సొంత బావమరిది మీదే. పిండి ఎగిరొచ్చి తన లాండ్రీలోని నల్లకోట్ల మీద పడుతోందని ఆ బావమరిది మర కిటికీని ఇటుకలతో మూసేశాడు. మూడేళ్లుగా మాటల్లేవు. ఇవాళ ఐదు దాటితే కేసు ఉండదు. అందుకే బావమరిది కూడా వచ్చి, ఎదురుగా బల్ల మీద కూర్చుని గడియారాన్నే చూస్తున్నాడు.

రెండో రసీదు వచ్చింది. వాపసు సంగతి ఇంకా తేలలేదు. బాబాయి నోరు ఉద్యోగినితో పోట్లాడుతూండగా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. టక్కు!

బల్ల మీది బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. పిండిమర ఆసామి పళ్లు కొరికి, బాబాయి తెల్లమొహం చూసి, ఆపుకోలేక తనూ పక్కున నవ్వేశాడు.

"నా ఖాతా అడుగంటిందయ్యా గుమస్తా! ఇక నీ నెత్తికి పొడు చిల్లు!"

కిటికీల మధ్య తిరుగుడుతోనే పొద్దంతా గడిచి, అప్పటికి నాలుగున్నర. బావమరిది లేచొచ్చాడు. "నా ఫోన్లోంచి కడతాను బావా. మూడోది ఎట్లా పాడుచేస్తాడో చూడకుండా ఇంటికెళ్తే నాకు అన్నం సయించదు. ఏదీ, ఆ మిషను మాత్రం నా జేబులో పడెయ్యండి పెద్దాయనా."

మూడో రసీదు మచ్చలేకుండా వచ్చింది. బాబాయి దాన్ని రెండు చేతులా పట్టుకుని కిటికీలో పెట్టబోయాడు. పిండిమర ఆసామి అడ్డం పడ్డాడు.

"ఆగవయ్యా! ఫీజు కట్టినవాడి మీదే కేసెట్లా వేసేది? నాకేం సిగ్గులేదనుకున్నావా?"

"ఇటుకలు రేపే తీయిస్తాలే బావా."

"నేనూ కిటికీకి జాలీ కొట్టిస్తాను. పద, టీ తాగుదాం. మీ అక్క రోజూ నిన్నే తలుస్తోంది."

వాడని రసీదు కాబట్టి మూడో ఫీజు కట్టినవాడి ఖాతాకే వాపసు వెళ్లింది. ప్లీడరమ్మకు దావా లేదు, తను కట్టిన మొదటి ఫీజూ లేదు. "ఆఫీసు తాళంచెవి రేపు తెచ్చిచ్చెయ్ బాబాయ్," అంది. గొంతు పెంచలేదు. అదే ఆయనకు గుచ్చుకుంది.

మర్నాడు బాబాయి తాళంచెవితో వచ్చేసరికి ఆఫీసు మెట్ల మీద పన్నెండుమంది ఉన్నారు. ఆరుగురు మిగతా ఆరుగురి మీద కేసులు వేయాలట. మర దగ్గరా లాండ్రీ దగ్గరా విని వచ్చారు. "ఆ చిల్లుల పెద్దాయనే మా పని చూడాలి. ఆయన్తో ఒక్క పూట కిటికీ దగ్గర నిలబడితే చాలటగా," అన్నారు ముక్తకంఠంతో.

"నిలబడ్డావేం బాబాయ్, కూర్చో!" అంటూ ప్లీడరమ్మ స్వయంగా కుర్చీ దుమ్ము దులిపింది.

నెలాఖరుకల్లా అందరూ రాజీ పడిపోయారు. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండుకు ఆఫీసులో కునుకు తీస్తున్నది ప్లీడరమ్మ.