తరన్నుమ్ దిద్దిన కామెంట్లు

ఏలూరు నుంచి వెళ్ళే పాసింజరు భీమడోలు దాటేసరికి తరన్నుమ్ ఆనాటి పని నిర్ణయించుకుంది. తాడేపల్లిగూడెంలో ఆమె పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీలో, టెక్స్ట్ ఎడిటర్‌లోనే షెల్ నడిపే పాత ప్రోగ్రాం ఒకటుంది. షెల్‌లో ఏ ఆదేశం కొడితే కంప్యూటర్ అది చేసేస్తుంది. ఆ ప్రోగ్రాంలోని కామెంట్లు, అంటే చదివేవాళ్ళ కోసం రాసిన వివరణలు, ఎనిమిదేళ్ళ నాటివి. వాటిని సరిచేయాలి. ఆమె ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు ప్రిన్సిపాల్ గారి బల్ల మీదుంది. ఈ వారంలో ఒక్క మంచి పని కనిపిస్తే చాలు.

"ఇవాళ ప్రాక్టికల్ పరీక్షలండీ. సర్వర్ జోలికి వెళ్ళకండి," అన్నారు డిపార్ట్‌మెంట్ హెడ్ కామేశ్వరరావు గారు, ఆమె కాలేజీలో అడుగుపెట్టగానే.

"కామెంట్లేనండీ. కంప్యూటర్ వాటిని చదవను కూడా చదవదు."

తెర పై సగంలో ప్రోగ్రాం, కింది సగంలో షెల్. అందరికీ ఒకేసారి సందేశం పంపడమెలాగో కామెంటులో ఉదాహరణ రాయబోయింది: ‘సర్వర్ ఆగిపోతోంది. అందరూ వెంటనే వెళ్ళిపోండి.’ ఆదేశంతో సహా టైపు చేసి, ఎంటర్ కొట్టాక చూసుకుంది. కర్సర్ కింది సగంలో ఉంది.

పక్క ల్యాబ్‌లో పరీక్ష రాస్తున్న నలభై మంది తెరల మీదా ఆ మాట ప్రత్యక్షమైంది. జవాబు రానివాళ్ళు ముందు లేచారు, వచ్చినవాళ్ళు వాళ్ళ వెనక. ‘ఏమీ లేదు, వెనక్కి రండి’ అని ఆమె ఇంకో సందేశం పంపింది. చదవడానికి ఖాళీ కుర్చీలే మిగిలాయి. ఆ పరుగులు చూసి అటెండర్ బంగార్రాజు కరెంటు షాకనుకుని మెయిన్ ఆపేశాడు. సేవ్ చేయని జవాబులన్నీ పోయాయి. మెయిన్ ఆపారంటే మంటలేనని ఎవరో ఫోన్ చేశారు. ఫైరింజన్ వచ్చి, వచ్చినందుకు కాసిని నీళ్ళు కొట్టింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి నరసరాజు గారు ‘రద్దు’ అని రాసిచ్చి, తడిసిన చెప్పులతో స్టేషన్‌కి వెళ్ళిపోయారు.

పర్మనెంటు సంగతి దేవుడెరుగు, ఉన్నది కూడా ఊడిందనుకుంది తరన్నుమ్.

"ఎవరి పనిది?" ప్రిన్సిపాల్ గారు బల్ల గుద్దారు.

"నా పనేనండీ," అంది తరన్నుమ్.

కామేశ్వరరావు గారి మొహం విప్పారింది. "ఇలాంటివి తవ్వి తీయడం ఆవిడ పనేనండీ! అడక్కుండానే ముందుకొచ్చారు, చూశారా?"

"అది కాదండీ, ఆ సందేశం పంపింది..."

"ఎవరో తేల్చండమ్మా, చాలు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. విచారణాధికారి పర్మనెంటు ఉద్యోగి అయ్యుండాలని రూలు. ఆమె ఫైలు లాగి, అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

తరన్నుమ్ ఖాళీ ల్యాబ్‌లో కూర్చుని ‘అనుమానితులు’ అని రాసింది. కింద ఒక్క పేరు రాసి, కాగితం మీద తల వాల్చి ఏడ్చింది.

విచారణ వారం రోజులు సాగింది. నిందితురాలు పూర్తిగా సహకరించింది.