మంటల పికప్పులో అమ్మ రాయి

ఆ ఉదయం జీవన్ కుమార్ అనుకున్న పని చాలా చిన్నది. నంద్యాలలో బయలుదేరి ఆళ్లగడ్డ పోవాలి. అమ్మ సమాధికి శిల్పుల దగ్గర చెక్కించిన రాయిని పికప్పులో ఎక్కించుకోవాలి. సాయంత్రం నాలుగుకు సమాధుల తోటలో జరిగే జ్ఞాపకార్థ కూడికకు దాన్ని చేర్చాలి. ఇంత చిన్న పని చెడడానికి ఒక్క కారణమే కనబడుతోంది. అది వాకిట్లో, ఎర్రటి బానెట్టు మీద పసుప్పచ్చ మంటలు వేయించుకుని నిలబడి ఉంది.

ఒకప్పుడు అది నాయన ఏసయ్య నడిపిన పాత పికప్పు. విదేశాల్లో కుర్రకారు పాత బండ్లను మార్పించుకున్నట్టు జీవన్ దాన్ని హాట్ రాడ్‌గా మార్పించాడు. బాడీని నేలకు జానెడు ఎత్తుకు దించాడు. వెనక చక్రాలు రోలరంత వెడల్పు. మెరిసే సైలెన్సర్ గొట్టాలు రెండు పక్కలా బయటికొచ్చాయి. స్టార్ట్ చేస్తే వీధిలో కిటికీలు వణుకుతాయి.

ఈ మార్పులు జరుగుతున్న నెలల్లోనే అమ్మ సువార్తమ్మకు జబ్బు ముదిరింది. "మన బండ్లో ఒక్కసారి గోస్పాడు దాకా పోయొద్దాం రా" అని అడిగింది. బండి అప్పుడు షెడ్డులో ముక్కలుగా పడి ఉంది. "బాగైనాక పోదాంలేమ్మా" అన్నాడు. బాగైంది బండి మాత్రమే. ఆమె పోయిన రోజు కూడా అతను షెడ్డులోనే, మంటలకు ఏ పసుపు నప్పుతుందా అని చూస్తూ ఉన్నాడు. ఈసారైనా అమ్మ పనికి ఆలస్యం కాకూడదని ఏడాదిగా తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. తప్పు దిద్దుకోవాలనుకున్న మనసు, ఆ తప్పు చేసిన పనిముట్టునే మళ్లీ చేతికి తీసుకుంటుందని అతనికి తెలియదు.

"లగేజీ ఆటో మాట్లాడుకుందాం రా" అన్నాడు ఏసయ్య.

"అమ్మ మన బండ్లోనే రావల్ల నాయనా."

"మీయమ్మ అడిగింది బండి. ఇది విమానం" అంటూ ఏసయ్య సీట్లోకి దిగాడు. ఎక్కడానికి అందులో ఎత్తంటూ ఏమీ మిగల్లేదు.

ఆళ్లగడ్డలో శిల్పులు రాయిని గడ్డి పరుపు మీద నిలబెట్టి తాళ్లతో బిగించారు. తరతరాలుగా దేవతల్ని చెక్కి పంపిన చేతులు. అలవాటు కొద్దీ దీనికీ కొత్త పసుపు గుడ్డ చుట్టారు. శిలువ ఆకారపు రాయి కావడంతో, చుట్టాక దానికి తలా రెండు భుజాలూ వచ్చాయి.

సైలెన్సర్ చూసి హైవే మీద పోలీసులు ఆపుతారని జీవన్ తిరుగు ప్రయాణానికి పల్లె దారి పట్టాడు. రెండో ఊరి మొదట్లోనే, ఊరివాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ ఎదురైంది. ముందు చక్రాలు దాటాయి. బండి కడుపు దాని మీద కూలబడింది. వెనక చక్రాలు దుమ్ము లేపాయే తప్ప కదల్లేదు.

"బర్రెగొడ్లు గూడా దాటుతాయి రా దీన్ని" అన్నాడు ఏసయ్య.

జీవన్ పంతం కొద్దీ ఇంజన్ని ఇంకా గట్టిగా రేపాడు. ఆ చప్పుడుకు ఊళ్లోంచి తప్పెట్లు జవాబు చెప్పాయి.

ఆ రోజు ఆ ఊరి గుడికి ఆళ్లగడ్డ నుంచి సుంకులమ్మ విగ్రహం రావాలి. పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్న జనం మంటల బండినీ, అందులో పసుపు గుడ్డలో నిలబడిన ఆకారాన్నీ చూశారు. ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. ఆడవాళ్లు బిందెలతో వచ్చి చక్రాలకు పసుపునీళ్లు పోశారు. బానెట్టు మీద టెంకాయలు పగిలాయి. ఒక్కో టెంకాయకూ ఒక్కో సొట్ట.

"అమ్మా, ఇది సుంకులమ్మ కాదు!" అని అరిచాడు జీవన్.

"తప్పు నాయనా, అట్లనగూడదు" అంటూ ఆ ఊరి పెద్ద ముత్తయిదువ రామసుబ్బమ్మ అతని నోట్లో బెల్లం పెట్టింది. "అమ్మోరు యాడ ఆగాల్నో ఆడ్నే ఆగింది. పొలిమేర కాడ."

జీవన్ బెల్లం మింగి, "రాయిని దించితే బండి లేస్తుందమ్మా" అన్నాడు.

"దించేదా? పీఠం ఎక్కేదాకా అమ్మోరు నేల తాకగూడదప్పా!" అంటూ ఒకాయన పంచె ఎగ్గట్టాడు. ఊరి మగాళ్లంతా తలా ఒక చెయ్యి వేశారు. రాయితో, తండ్రీకొడుకులతో సహా బండి గాల్లోకి లేచి అవతల దిగింది. ఒక సైలెన్సర్ గొట్టం మాత్రం ఊడి ఇవతలే ఉండిపోయింది. దాన్నెవరో భక్తిగా భుజాన వేసుకున్నారు.

"నాయనా, నువ్వన్నా చెప్పు."

"బతుకంతా బడిలో పాఠాలు సెప్పి అరిసినా. ఒక్కడన్నా విన్న్యాడా?" అన్నాడు ఏసయ్య.

ఊరేగింపుగా బండి గుడి ముందుకు చేరాక రామసుబ్బమ్మ గుడ్డ విప్పింది. శిలువ, దాని కింద సువార్తమ్మ పేరు బయటపడ్డాయి. తప్పెట్లు ఒక్కొక్కటే ఆగాయి.

"ఎవరప్పా ఈయమ్మ?"

"నా పెండ్లాం. ఈ పొద్దు ఆమెకు ప్రార్థన. మావోడు సెప్పబోయినాడు తల్లీ, నువ్వు బెల్లం పెట్టినావ్."

రామసుబ్బమ్మ లెంపలు వేసుకుంది. గుడ్డను మళ్లీ జాగ్రత్తగా కప్పింది. "మనూరికొచ్చిన ఆడబిడ్డ. మర్యాదగా పంపల్ల. ఈ బండి ఇంకో దిబ్బ దాటదు, ట్రాక్టర్ తీయండ్రా!" అంది.

రాయి ట్రాక్టర్ ఎక్కుతుండగానే ఫోనొచ్చింది. అసలు సుంకులమ్మను తెస్తున్న ఆటో శిరివెళ్ల దగ్గర ఇరుసు విరిగి కూలబడిందట. పొద్దుగుంకే లోపల విగ్రహం పీఠం ఎక్కాలి. వేరే ట్రాక్టర్ పంపుదామని ఎవరో అన్నారు.

"పసుపునీళ్లు పోసింది ఏ బండికి, టెంకాయ కొట్టింది ఏ బండికి?" అంది రామసుబ్బమ్మ. "అమ్మోరు దీంట్లోనే రావల్ల."

ఆ బండిని స్టార్ట్ చేయడం జీవన్‌కి తప్ప ఎవరికీ చేతకాదు.

"నాలుక్కు నేనాడ ఉండల్ల నాయనా. ఈసారన్నా ఉండల్ల" అన్నాడు.

ఏసయ్య అప్పటికే ట్రాక్టర్లో రాయి పక్కన, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. "వాళ్లు మీయమ్మను నేల తాకనీలేదు రా. వాళ్లమ్మను నడిదారిలో ఇడిసిపెట్టి వస్తావా? పో. దించి రా."

దిబ్బ వచ్చినచోటల్లా వెంట వచ్చిన మగాళ్లు బండిని ఎత్తి దాటించడంతో శిరివెళ్ల పోయి రావడం ఎంతోసేపు పట్టలేదు. ఊళ్లోకి వచ్చాకే ప్రతి వాకిట్లో హారతికి బండి ఆగింది. "ఆ గర్జన ఇంగోసారి ఇనిపియ్యప్పా" అని ప్రతి వాకిట్లో అడిగారు. నాలుగు దాటింది. ఐదూ దాటింది. పక్క సీటు ఖాళీగా ఉంది. అమ్మ అడిగింది ఆ సీటే. అక్కడ కూర్చుని చేలు చూస్తూ గోస్పాడు దాకా పోయి రావడం. దానికి మంటలు అక్కర్లేదు, మెరిసే గొట్టాలు అక్కర్లేదు. పాత సీటు, కొడుకూ చాలు.

అతను సమాధుల తోట చేరేసరికి కూడిక అయిపోయి, కుర్చీలు ఆటోలో వేస్తున్నారు. రాయి నిలబడింది. కింద సిమెంటు ఆరుతోంది. దాని పక్కన ఏసయ్య ఒక్కడే ఉన్నాడు.

"వచ్చినావా?"

"వచ్చినా నాయనా."

"వాళ్లమ్మ?"

సుంకులమ్మ మాత్రం పొద్దుగుంకక ముందే పీఠం ఎక్కింది.