రోలర్లో కృష్ణాస్నానం

ఆ రోజు సూరయ్య పెట్టుకున్న పని ఒక్కటే. తెల్లారకముందే బొగ్గు రాజేసి, ఎనిమిదయ్యేసరికి రోడ్డు రోలర్ని ఆవిరి మీద సిద్ధంగా ఉంచాలి. ఇంజనీరు రామకోటేశ్వరరావుగారు వస్తారు, యంత్రాన్ని చూస్తారు, ప్రశ్నలు వేస్తారు. మెచ్చితే ఇన్నేళ్ళూ దినకూలి మీద రోలరు తోలిన సూరయ్యకి ఉద్యోగం పర్మనెంటవుతుంది. మెచ్చకపోతే బందరు పోయి బావమరిది పడవలో వల లాగాలి. బావమరిది మంచివాడే గాని, తన మంచితనాన్ని పూటకోసారి గుర్తు చేసే రకం.

అప్పటికే బెజవాడలోకి డీజిలు రోలర్లు వచ్చేశాయి. అయినా గుణదలలోని ఈ వీధికి పాత బొగ్గు రోలరునే పంపారు. కొత్త సామాను పెద్దవాళ్ళ పేటలకి పోవడం లోకంలో ఉన్నదే.

బాయిలర్లో నీళ్ళు కాస్త కాగాయో లేదో, ఎదురింటి బుల్లెమ్మగారు రాగి బిందెతో ప్రత్యక్షమైంది. కార్తీకమాసం. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఈ ఏడు నదీస్నానానికి వెళ్ళలేకపోయింది.

"అబ్బాయ్, ఇందులో ఏ నీళ్ళు పోశావు?"

"ఏలూరు కాలవ నీళ్ళండి."

"కాలవలోకి ఎక్కణ్ణించొస్తాయి?"

"కృష్ణలోంచేగదండి."

"మరింకేం? ఓ బిందెడు వదులు నాయనా."

పెద్దావిడని కాదనలేక సూరయ్య బాయిలరు అడుగునున్న కుళాయి తిప్పాడు. ఆ రోజు అతను చేసిన తప్పు ఆ ఒక్కటే. మిగతావన్నీ వీధి చేసింది.

స్నానం చేసి వచ్చిన బుల్లెమ్మగారు ఆ ముక్క గోడ మీంచి పక్కింటి సీతారావమ్మకి చెప్పింది. అది వీధి చివరికి చేరేసరికి, రేవుకి పోలేనివాళ్ళ కోసం సర్కారువారు కృష్ణని కాచి ఇంటి ముందుకే పంపుతున్నారన్న వార్తగా మారింది. చన్నీళ్ళకే దిక్కులేని ఆ వీధిలో ఎవ్వరూ సందేహించలేదు. పుణ్యం వచ్చే మాటని మనవాళ్ళు ఆరా తియ్యరు.

బిందెలు బారులు తీరాయి. ఎవరో ముందు చక్రానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. ఇంకెవరో దాని కింద దీపం వెలిగించారు. సువార్తమ్మ బకెట్టుతో వచ్చి వరసలో నిలబడింది.

"నీకెందుకే సువార్తమ్మా, కార్తీకం మాది కదా" అంది సీతారావమ్మ.

"కార్తీకం మీదేనమ్మా. చలి అందరిదీ."

వరస ముందుకు జరిగింది.

సూరయ్య గాజు గొట్టం వంక చూసి ఉలిక్కిపడ్డాడు. నీటిమట్టం ఎర్రగీత దగ్గరకొచ్చేసింది. కుళాయి కట్టేశాడు.

"ఇంక చాలండమ్మా. గీత దాటి దిగితే బాయిలరు పేలుద్ది."

"ఎప్పుడు?" అంది సీతారావమ్మ.

"ఎప్పుడో అది మనకి చెప్పుద్దాండీ?"

"అయితే పేలేలోపు నాకో రెండు బిందెలు పొయ్యి."

అతను చక్రం ఇటు పక్క వాళ్ళని అదిలిస్తుంటే అటు పక్క వాళ్ళు కుళాయి తిప్పుకున్నారు. అంతలో రిటైరైన గుమాస్తా వెంకటప్పయ్యగారు బావినీళ్ళ బకెట్టుతో రోలరెక్కసాగాడు.

"తగ్గితే పోస్తే సరి. దీనికింత గోలేమిటోయ్? ఎన్ని ఆఫీసులు చూశాను నేను."

సూరయ్య అడ్డంగా నిలబడ్డాడు. "దిగండి బాబూ. కాలిన కడుపులో చన్నీళ్ళు పోస్తే ఇద్దరం పోయి మేరీమాత కొండ మీద పడతాం."

"నాకక్కడ మొక్కేం లేదే" అంటూ ఆయన ఇంకో మెట్టెక్కాడు.

సూరయ్యకి తిక్క రేగింది. నిప్పున్నంతసేపూ వేణ్ణీళ్ళుంటాయి. వేణ్ణీళ్ళున్నంతసేపూ ఈ జనం ఉంటుంది. ఆయన్ని రెక్క పట్టుకుని దింపి, పొయ్యి తలుపు తెరిచి, పొడుగాటి ఇనప ఊచతో నిప్పంతా రోడ్డు మీదికి లాగేశాడు. వీధి ఖాళీ అయింది. మరుక్షణంలో అందరూ ధూపం మూకుళ్ళతో తిరిగొచ్చి నిప్పులేరుకున్నారు. ఊరికే వచ్చేది వదులుకునే అలవాటు ఆ వీధికి లేదు.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. పసుపు, బొట్లు, దీపం, చల్లబడుతున్న రోలరు. సూరయ్య ముక్కుకి అప్పుడే బందరు చేపల వాసన తగిలింది.

"ఆవిరేదయ్యా?" అన్నారు ఇంజనీరుగారు.

"లేదండి."

"నిప్పు?"

"కొంత ఇక్కడుందండి. మిగతాది ఇళ్ళల్లో ధూపం వేసుకుంటన్నారండి."

ఇంజనీరుగారు వంగి గాజు గొట్టం చూశారు. నీళ్ళు గీత కిందున్నాయి. రోడ్డు మీద బొగ్గులు చూశారు.

"నీళ్ళు గీత దిగితే ఏం చేస్తావని నిన్న ఒకణ్ణి అడిగాను. చన్నీళ్ళు పోస్తానన్నాడు. ఇంకొకడు పారిపోతానన్నాడు. అడక్కముందే నిప్పు లాగి చూపించినవాణ్ణి నిన్నే చూశాను."

వెంకటప్పయ్యగారు బకెట్టుని పంచె చాటుకి తీసుకున్నాడు. నిప్పు లాగింది జనాన్ని తోలడానికని చెబుదామని సూరయ్య నోరు తెరిచాడు. బావమరిది గుర్తొచ్చి మూసేశాడు.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు సూరయ్య నిప్పు పెట్టకముందే బాయిలరు నిండా నీళ్ళు నింపి, గొట్టం మీద కన్నేసి, వీలున్నంతే బిందెల్లోకి వదులుతున్నాడు. ఆ వీధివాళ్ళు కార్తీకం వెళ్ళేదాకా రోలర్ని కదపొద్దని అర్జీ పెట్టుకున్నారు. తర్వాత ధనుర్మాసం వచ్చింది. ఆ తర్వాత మాఘస్నానాలు.

సూరయ్య పర్మనెంటయ్యాడు, రోలరూ పర్మనెంటయింది. రోడ్డు ఒక్కటే ఇంకా టెంపరరీ.