ఫలకవచం

...అయినా మొదటి చప్పట్లో ఉండే ఒంటరితనాన్ని మనస్తత్వశాస్త్రం ఇంకా పట్టించుకున్నట్టు లేదు. రెండోవాడికి మొదటివాడు తోడు. మూడోవాడికి అదొక అలవాటు. మొదటివాడు మాత్రం, ఆ ఒక్క క్షణం, హాలు మొత్తంలో తానొక్కడే నమ్ముతున్నట్టు కనపడాలి.

ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో మూడో వరుస చివర కూర్చుని ఇదే ఆలోచిస్తున్నాను. ఎందుకంటే ఆ మొదటివాణ్ణి నేనే. యూనివర్సిటీలో సైకాలజీ గెస్ట్ లెక్చరర్ని. "గుంపు మనసు తెలిసినవారు. మీరే మొదలెట్టాలండీ" అని ప్రాజెక్టు కోఆర్డినేటర్ గంగాధరరావు గారు ఈ బాధ్యత నాకు అప్పగించారు. వచ్చే ఏడాది నాకు క్లాసులుంటాయో లేదో చెప్పేది కూడా ఆయనే కాబట్టి, నా అర్హత మీద నాకూ నమ్మకం కుదిరింది.

ఇదంతా మంత్రి మట్టయ్య గారి ప్రకటనతో మొదలైంది. "దిల్‌సుఖ్‌నగర్ జ్యూస్ బండ్ల కాడ పారేసే బత్తాయి తొక్కతోని ప్రపంచానికి ప్లేట్లు చేసిస్తం!" అన్నారాయన. ఫుడ్ ప్రాసెసింగ్, ఇంధన పొదుపు, బయో ఉత్పత్తులు, మూడింటికీ కలిపి యూనివర్సిటీకీ ఒక కంపెనీకీ అవగాహన ఒప్పందం జరిగింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు గానీ అవగాహన మాత్రం కుదిరింది.

మొదటి చిక్కు మాట దగ్గరే వచ్చింది. "సార్, ఆ తొక్కలో ప్రాజెక్టు ఫైలు ఎక్కడ పెట్టమంటారు?" అని గుమాస్తా మంత్రిగారి ఎదుటే మామూలుగా అడిగాడు. అది పేరో తిట్టో తేల్చుకోలేక మంత్రిగారి ముఖం చిన్నబోయింది. ఆ మధ్యాహ్నమే తొక్క అనే మాటను రద్దు చేసి 'ఫలకవచం' ప్రవేశపెట్టారు. తొక్కలిచ్చే బండివాళ్లు ఫలకవచ దాతలయ్యారు. తొలి దాతగా, మెట్రో మెట్ల కింద బత్తాయి రసం తీసే ఎలీశమ్మను ఎంపిక చేశారు. నేను రోజూ తాగేది ఆమె దగ్గరే.

"ఫలకవచమంటే ఏంది సార్?"

"తొక్క."

"మరి తొక్కనే అనొచ్చు గదా?"

"అనకూడదు."

"ఎందుకు సార్, తొక్క ఏం పాపం చేసింది?"

తరువాత, ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చే దారి చూడముచ్చటగా ఉండాలని జ్యూస్ బండ్లన్నీ లారీ ఎక్కించారు. దాతల బండ్లు కూడా. పక్షపాతం అనే మాటకే చోటివ్వలేదు.

ఎలీశమ్మ యూనివర్సిటీ గేటు దగ్గర నన్ను పట్టుకుంది. "సార్, నా బండి తీస్కపోయిండ్రు. అది లేకుంటే ఇల్లెట్ల నడుస్తది? పెద్ద సారుతోని జర ఒక్క మాట చెప్పుండ్రి."

"చూద్దాం" అన్నాను.

చూద్దాం చాలా ఆరోగ్యకరమైన మాట. అన్నవాడి మనసు వెంటనే తేలికపడుతుంది. విన్నవాళ్లు మర్యాదకైనా ఇంకో మాట అడగరు.

బండ్లు పోయాయి కనుక తొక్కలూ పోయాయి. గంగాధరరావు గారు అధైర్యపడలేదు. లారీడు బత్తాయిలు కొనిపించి, రసం పిండించి డ్రమ్ముల్లో పక్కన పెట్టించి, కవచాలు వేరు చేయించారు.

"మరి రసం సార్?" అన్నాను.

"అది మన ప్రాజెక్టు పరిధిలోకి రాదండీ."

కవచాలు ఎండబెట్టడానికి ఇంధన పొదుపు యంత్రం వచ్చింది. దాన్ని నడపడానికి డీజిల్ జనరేటర్ వచ్చింది.

"ఎండలో పెడితే ఎండవా సార్?"

"ఎండకు టెండరు ఎలా పిలుస్తామండీ?"

ఆ దూరదృష్టికి నాకు నోట మాట రాలేదు. ఎలీశమ్మ బండి మాట కూడా అందుకే రాలేదనుకుంటాను.

ఇప్పుడు వేదిక మీదికి ప్లేటు వచ్చింది. మంత్రిగారు పైకెత్తి చూపారు. నేను చప్పట్లు కొట్టాను. హాలు కొట్టింది. ప్లేటులో లడ్డూ పెట్టారు. లడ్డూ ప్లేటును చీల్చుకుని ఆయన చెప్పు మీద పడింది. "లోడ్ టెస్టింగ్ లైవ్‌లో జరిగిందండీ!" అని గంగాధరరావు గారు మైకులో ప్రకటించారు. కొట్టాను. హాలూ కొట్టింది.

వేదిక వెనక నుంచి పులిసిన వాసన వస్తోంది.

"ఏందయ్యా గీ వాసన?" అన్నారు మంత్రిగారు.

"రసం సార్. ఈ ప్రాజెక్టులో మిగిలిన వ్యర్థం. దాన్నేం చేయాలో పరిశోధించడానికి రెండో ఒప్పందం రెడీగా ఉంది."

అక్కడికక్కడే సంతకాలయ్యాయి. కొట్టాను.

చివరగా, వేదిక మూల పట్టుగుడ్డ కప్పి ఉన్నదాన్ని మంత్రిగారు ఆవిష్కరించారు. ఎలీశమ్మ బండి! కొత్త రంగు వేసి బంతిపూల దండ వేశారు. ఆమె అతికించుకున్న శిలువ స్టిక్కర్ మీద యూనివర్సిటీ లోగో అతికించారు.

ముందు వరుసలో చర్చికి కట్టే చీరలో కూర్చున్న ఎలీశమ్మ లేచింది. వెనక్కి తిరిగి నన్ను వెతుక్కుంది. "దొరికింది సార్! మీరు చెప్పిండ్రు గదా!" అంటూ వేదికెక్కి బండి పిడి పట్టుకుంది.

"ముట్టుకోకండమ్మా, ఎగ్జిబిట్!" అన్నారు గంగాధరరావు గారు.

"నా బండే గదా సార్, తీస్కపోత. గిరాకీ టైమైతుంది."

"యాడికి తీస్కపోతవమ్మా?" మంత్రిగారు ప్రేమగా మైకు అందుకున్నారు. "ఇగ నీ బండికి రోడ్డు మీద నిలబడే కష్టం లేదు. యూనివర్సిటీ మ్యూజియంల శాశ్వతంగ ఉంటది. ఈ తల్లి త్యాగానికి..."

అక్కడ ఆగి నా వైపు చూశారు. గంగాధరరావు గారూ చూశారు. హాలంతా చేతులు సిద్ధం చేసుకుని నా కోసం ఎదురుచూస్తోంది. ఎలీశమ్మ పిడి వదలకుండా నా చేతుల వైపు చూసింది.

నేను రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాను.